ఈకతో కట్టిన ఈగలు: ఇంట్లో నిల్వ, అమరిక



గాలం వేసి చేపలు పట్టే సరదా మీలో చాలామందికి ఉండే ఉంటుంది. తడ, సూళ్లూరుపేట వైపు వారికి పులికాట్ సరస్సు ఉంది. సత్యవేడు, నగరి, తిరుత్తణి వైపు వారికి ఈశాన్య ఋతుపవనాలకు నిండే చెరువులున్నాయి. గాలానికి వానపామునో, రొయ్యనో, పిండిముద్దనో గుచ్చడం మనకందరికీ తెలిసిన పద్ధతి. ఈవేళ నేను చెప్పబోయేది ఇంకొక రకం ఎర గురించి. అది ప్రాణమున్న ఎర కాదు. గాలపు ముల్లుకు కోడి ఈక, దారం, కాస్త జరీ తీగ చుట్టి, పురుగులాగానో చిన్న చేపపిల్లలాగానో కనిపించేటట్టు చేత్తో కట్టిన ఎర. ఇంగ్లీషులో దీన్ని ఫ్లై అంటారు. అంటే ఈగ. మా నాన్నగారు నవ్వుతూ, "ఈకతో కట్టాం కాబట్టి ఈగ. ఒక్క అక్షరమే తేడా" అనేవారు.

ఈ విద్య కొత్తది కాదు. రమారమి 1,800 ఏళ్ల క్రితం ఈలియన్ అనే రచయిత, మాసిడోనియా దేశపు జాలరులు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, దానికి రెండు కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని రాశాడు. మన దక్షిణాదిన కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో, గాలంతో చేపలు పట్టే వినోదానికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. తరువాత తెల్లదొరల కాలంలో, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ మన నదుల్లోని చేపల గురించి, వాటికి వేసే ఎరల గురించి 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథం 1873లో ప్రచురించాడు. నీలగిరుల వాగుల్లో ట్రౌట్ చేపను ఈ ఈకల ఎరతోనే పట్టేవారు.

ఎరలు కట్టడం గురించి చెప్పేవాళ్లు కొందరైనా దొరుకుతారు. కట్టినవాటిని ఇంట్లో దాచడం ఎలాగో చెప్పేవాళ్లు బహు అరుదు. కట్టడం మొదలుపెట్టిన మనిషి పదితో ఆగడు. చేప పట్టేది నెలకొక ఆదివారమైతే, ఎర కట్టేది ప్రతి రాత్రీ. ఏడాది తిరిగేసరికి ఇంట్లో వందలు పోగవుతాయి. వాటిని ఏం చేయాలన్నదే ఈనాటి నా ప్రసంగం. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, పోగొట్టుకుని తెలుసుకున్నాను.

మాది చెన్నైలో జార్జి టౌన్. తంగసాల వీధికి దగ్గరలో, ఇరువైపులా పక్కింటి గోడలే మన గోడలుగా ఉండే సన్నటి పాత ఇల్లు. అక్కడి నుంచి రేవు దూరమేమీ కాదు. గాలి తిరిగితే ఉప్పు వాసన ఇంట్లోకే వస్తుంది. నాన్నగారు ఆ చుట్టుపక్కలే ఒక తెలుగు అచ్చాపీసులో కంపోజిటరు. ఆ రోజుల్లో తెలుగు పుస్తకం అంటే చెన్నపట్నమే. 1854లో స్థాపించిన వావిళ్ల వారి సంస్థ మొదలుకొని ఎన్నో ముద్రణాలయాలు ఈ పట్నంలో పనిచేశాయి. నాన్నగారు పగలంతా సీసపు అక్షరాలు పేర్చి, రాత్రి దీపం దగ్గర కూర్చుని ఈకలు కట్టేవారు. కాశిమేడు జాలరి ఒకాయన దగ్గర తెల్ల కోడి ఈకతో పండుగప్పకు ఎర కట్టడం నేర్చుకున్నారు. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోక ముందు, అక్కడి పాత పుస్తకాల కొట్లో కొన్న ఒక చిరిగిన ఇంగ్లీషు పుస్తకం చూసి మిగతావి నేర్చుకున్నారు.

అచ్చాపీసులో అక్షరాల కేసు ఎలా ఉంటుందో మీలో కొందరు చూసే ఉంటారు. చెక్కతో చేసిన వెడల్పాటి అర, దాని నిండా చిన్న చిన్న గళ్లు. ఇంగ్లీషుకైతే కొద్ది గళ్లు చాలు. తెలుగుకు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కావాలి గదా, గళ్లు ఎన్నో ఎక్కువ. సీసపు అక్షరాలకు కాలం చెల్లి, ఆఫ్‌సెట్, కంప్యూటరు వచ్చినప్పుడు ఆ కేసులను పొయ్యిలోకి అమ్మేశారు. నాన్నగారు ఒకటి ఇంటికి తెచ్చుకుని, దానిమీద అద్దం బిగించి, గడికొక రకం చొప్పున ఈగలను అమర్చారు. కొరమీనుకు కప్పలాంటివి ఒక వరుస. పండుగప్పకు తెల్లవి ఒక వరుస. ఏడాదికొకసారి అనుమతి చీటీ తీసుకుని ఊటీ వెళ్లేటప్పటి కోసం కట్టిన చిన్నవి పై వరుస. ఒక నోటుపుస్తకంలో అన్నిటికీ లెక్క. చివరి లెక్క 312.

2014లో ఆయన పోయారు. కర్మలయ్యాక ఇల్లు సర్దుతూ నేనొక పని చేశాను. ఆ కేసు ముందుగదిలో సగం గోడ ఆక్రమించింది. చంటిపిల్లలున్న ఇల్లు, అందులో ముళ్లు. అందుకని ఈగలన్నీ ఏరి, కాగితం పరిచిన ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పోసి, మిగిలిన కోడి ఈకలు కూడా అందులోనే కుక్కి, మూత గట్టిగా బిగించి అటకమీద పెట్టాను. భద్రంగా దాచాననే అనుకున్నాను. 2015 డిసెంబరు వర్షాలకు చెన్నై అంతా నీళ్లలో ఉన్నది మీకు గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లోకి వరద రాలేదు గాని అటక చెమర్చింది. ఆ మరుసటి నెలలో డబ్బా దింపి చూస్తే ఏముంది? ముళ్లు తుప్పుపట్టి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఈకలు పొడిపొడిగా రాలిపోయాయి. బాగున్నవి ఏరితే 41 తేలాయి.

ఎవరినని లాభం లేదు, తప్పు నాదే. బడిలో పిల్లలకు సైన్సు చెప్పే మనిషిని. తుప్పుకు గాలీ నీరూ కారణమని నల్లబల్లమీద ఎన్నిసార్లు రాశానో! కాని నా ఇంటి అటకమీద ఆ పాఠం జ్ఞాపకం రాలేదు. అందుకే, ఏం జరిగిందో మీకు కాస్త వివరంగా చెబుతాను.

గట్టి మూత పెడితే చెమ్మ లోపలికి రాదని మనం అనుకుంటాం. కొంతవరకు నిజమే. కాని లోపల ఉన్న చెమ్మ బయటికి పోదు గదా! నేను డబ్బా మూసింది నవంబరులో, ముసురు పట్టిన రోజున. ఆ గాలిలోని తేమ, కింద పరిచిన కాగితంలోని తేమ, ఈకల్లోని తేమ అన్నీ లోపలే బందీ అయ్యాయి. పగలు వేడికి ఆవిరై, రాత్రి చల్లదనానికి రేకుమీద నీటి బొట్లయ్యాయి. సముద్రపు నీటిలో వాడిన ఎరలు కొన్ని ఉన్నాయి. వాటికి అంటిన ఉప్పు ఆ తేమను మరింత లాగింది. ఇది తుప్పు సంగతి.

ఇక పురుగు. ఈక, ఉన్ని, వెంట్రుక, గోరు, ఇవన్నీ కెరాటిన్ అనే పదార్థంతో తయారవుతాయి. దీన్ని తిని బతికే పురుగులు కొన్ని ఉన్నాయి. రెక్కల పురుగు మన ఉన్ని బట్టలు తినదు. అది గుడ్లు పెట్టి పోతుంది. గుడ్డులోంచి వచ్చిన చిన్న లార్వా తింటుంది. దానికి కావలసింది చీకటి, నిశ్శబ్దం, కదలిక లేకపోవడం. అటకమీది డబ్బాలో నేను దానికి ఆ మూడూ సమకూర్చాను. సంతనుంచి తెచ్చిన కోడి ఈకల్లో ఎక్కడో గుడ్లున్నాయి. వాటిని కట్టిన ఈగలతో కలిపి మూత పెట్టడం, కొట్టంలోని పుచ్చుగింజలను విత్తనాల బస్తాలో పోసినట్లయింది.

మరి ఎలా దాచాలి? నేను పాటిస్తున్న పద్ధతి వరుసగా చెబుతాను. దీనికి ఖరీదైన సామాను ఏదీ అక్కరలేదు.

మొదటిది, వాడేవి వేరు, నిల్వ వేరు. ఇంట్లో ఊరగాయ జాడీ ఉంటుంది, రోజువారీ గిన్నె ఉంటుంది. జాడీలోకి తడి గరిటె పెట్టనివ్వం. ఈగలకూ అదే నియమం. నీటి దగ్గరకు తీసుకెళ్లేది చిన్న డబ్బా. తిరిగి వచ్చాక అందులోవన్నీ మంచినీళ్లలో కడిగి, ముఖ్యంగా పులికాట్ వంటి ఉప్పునీటిలో వాడినవైతే తప్పకుండా కడిగి, పాతగుడ్డమీద పరిచి, నీడలో ఒక రాత్రి, ఒక పగలు ఆరనివ్వాలి. తడి ఈగను స్పాంజిలాంటి మెత్తటి అట్టలో గుచ్చితే ఆ అట్ట నీరు పీల్చుకుని ముల్లు మొదలంటా తుప్పు పట్టిస్తుంది. పూర్తిగా ఆరినదే నిల్వ పెట్టెలోకి పోవాలి.

రెండోది, గళ్ల పెట్టె. మన పోపులపెట్టె చూడండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు దేనికది వేరు. చీకట్లో కూడా చెయ్యి సరిగ్గా పోతుంది. పూసలు, గుండీలు దాచుకునే గళ్ల ప్లాస్టిక్ పెట్టెలు మా కాశీ చెట్టి వీధి వైపు కొట్లలో చవగ్గా దొరుకుతాయి. మీ ఊరి ఫ్యాన్సీ కొట్లో కూడా ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్కో రకం, అదీ వదులుగా. కుక్కితే ఈక విరిగిపోతుంది. ఈక వంగిపోయిన ఈగను పారేయకండి. మరిగే నీళ్ల ఆవిరిమీద పట్టకారుతో కొద్ది క్షణాలు పట్టుకుంటే ఈక మళ్లీ విచ్చుకుంటుంది. తరువాత బాగా ఆరబెట్టి దాచుకోవచ్చు. పెట్టెను ఎండ తగిలే కిటికీలో మాత్రం ఉంచకండి, రంగు వెలిసిపోతుంది.

మూడోది, చెమ్మ పీల్చే పొట్లం. మందు సీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో చిన్న తెల్ల పొట్లాలు వస్తాయి, వాటిలో సిలికా జెల్ ఉంటుంది. అలాంటివి దాచి, పెట్టెకొకటి వేయండి. అవి కొంతకాలానికి తేమతో నిండిపోతాయి కాబట్టి ప్రతి వానాకాలం ముందూ మార్చాలి. తేమ పీల్చితే నీలం నుంచి గులాబీకి రంగు మారే రకం కూడా ఉంది. అందులో కోబాల్ట్ ఉప్పు కలుస్తుంది కాబట్టి పిల్లల చేతికి అందనివ్వకూడదు. బియ్యం వేస్తే చాలదా అని అడుగుతారు. బియ్యం పీల్చే తేమ తక్కువ, పిలిచే పురుగు ఎక్కువ. పెట్టె మూసే రోజు కూడా చూసుకోండి. ముసురులో మూయకండి. బాగా ఎండకాసిన మధ్యాహ్నం మూయండి.

నాలుగోది, కొత్త ఈకను నేరుగా లోపలికి రానివ్వకండి. బజారు నుంచి తెచ్చిన ఈకను సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా కట్టి, ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో రెండు వారాలు ఉంచండి. పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకండి, మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి. లేకుంటే చల్లటి ఈకమీద గాలిలోని నీరు పడుతుంది. కలరా ఉండలు వేస్తే సరిపోదా అంటే, నేను వేయను. ఆ ఘాటు కొన్ని రకాల ప్లాస్టిక్ పెట్టెలను మెత్తబరిచి పాడుచేస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఉండ పసిపిల్లల నోట్లో పడితే ప్రమాదం. పుట్టుకతో జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లలకు దాని వాసన కూడా రక్తకణాలు చితికిపోయేంత హాని చేయవచ్చు. ఎండిన వేపాకు వేయాలనుకుంటే వేసుకోండి, కాని అది ఫ్రిజ్ చేసే పని చేయదు.

అయిదోది, పేరు రాయడం. గడి మూతమీద చిన్న చీటీ అంటించండి. ఏ చేపకు, ముల్లు ఏ నంబరు, ఎప్పుడు కట్టింది, ఎన్ని ఉన్నాయి. ముల్లు నంబర్ల దగ్గర కొత్తవాళ్లు తికమక పడతారు. 4 కంటే 8 చిన్న ముల్లు, 8 కంటే 12 ఇంకా చిన్నది. కాని 1/0, 2/0 అని గీతపక్కన సున్నా ఉన్నవి మాత్రం అంకె పెరిగేకొద్దీ పెద్దవి. ముందు కట్టినవి ముందు వాడండి. పాత ధాన్యం ముందు దంచుకున్నట్టు. ఇంకొక మాట. ప్రతి రకంలోనూ ఒక్కటి వాడకుండా నమూనాగా ఉంచుకోండి. అది చూసి మళ్లీ కట్టవచ్చు. నాన్నగారి 41లో నాకు తొమ్మిది రకాలు దక్కాయి. మిగతా రకాలు నోటుపుస్తకంలో పేర్లుగా మిగిలాయి. పేరు ఉంది, రూపం లేదు. "గోధుమరంగు మూడో రకం" అని రాసుకున్నారు. అది ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పగలిగిన వాళ్లు ఎవరూ లేరు.

చట్టం గురించి కూడా ఒక మాట. నాటుకోడి, బాతు ఈకలకు ఏ ఇబ్బందీ లేదు. కాని మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకలకు, మెరిసే చుక్కలుంటాయి కాబట్టి, ఎరలు కట్టేవారిలో ఒకప్పుడు దేశదేశాల్లో గిరాకీ ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ పక్షిని వేటాడటం నేరం. ముంగిస వెంట్రుకల విషయమూ అంతే. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇది ఈకల పెట్టె మాత్రమే కాదు, ముళ్ల పెట్టె. నాన్నగారి కేసు తీసేయాలని నేననుకోవడం తప్పు కాదు, పిల్లలున్న ఇల్లు. తీసిన పద్ధతి తప్పు. పెట్టెకు కొక్కెమో తాళమో ఉండాలి, పిల్లల తలకంటే ఎత్తున ఉండాలి. కట్టడానికి కూర్చునేటప్పుడు ముళ్లు లెక్కపెట్టి తీయండి, లేచేటప్పుడు లెక్కపెట్టి లేవండి. ఒకటి తగ్గితే దొరికేదాకా ఆ గదిలో పిల్లలను తిరగనివ్వకండి. ఒక చిన్న అయస్కాంతం దారానికి కట్టి నేలమీద ఈడిస్తే పడిపోయిన ముల్లు దానంతటదే అంటుకుంటుంది. ముల్లు కొనదగ్గరి ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి అణిచేస్తే, గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. ఎదురుముల్లు దిగిపోయేలా గుచ్చుకుంటే మాత్రం లాగకండి. డాక్టరు దగ్గరకు వెళ్లండి, ధనుర్వాతం సూది సంగతి అడగండి. కంటి దగ్గరైతే అసలు చెయ్యే పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

శ్రోతలారా, ఇన్ని నియమాలు చెప్పినా అసలైనది ఒక్కటే. నాన్నగారి చెక్క కేసుకు గట్టి మూత లేదు, సిలికా పొట్లం లేదు. అయినా అందులో ఈగలు ఏళ్ల తరబడి నిలిచాయి. ఎందుకని ఆలోచిస్తే నాకు తెలిసింది ఇది. ఆయన రోజూ దాని ముందు కూర్చునేవారు. ముసురు రోజున ఒక ముల్లు మసకబారితే ఆ రాత్రే కనిపించేది. తుడిచి, చుక్క నూనె రాసేవారు. ఒక ఈకలో పొడి రాలితే ఆ ఈగను వెంటనే తీసి పారేసేవారు. అచ్చు పని అయ్యాక ఏ అక్షరాన్ని ఆ గడిలోకి తిరిగి వేయాలి, ఒక్కటి తప్పు గడిలో పడితే రేపటి పుస్తకంలో తప్పు పడుతుందని ఆయనకు చేతికి వచ్చిన అలవాటు. నేను ఆ వస్తువులను దాచాను, ఆయన వాటిని చూసుకున్నారు. దాచడానికీ చూసుకోవడానికీ ఉన్న తేడా 271 ఈగలు.

అందుకని నెలకొకసారి, మీకు వీలైన ఒక ఆదివారం, పెట్టె తెరవండి. చాలా సేపు అక్కరలేదు, ఒక కాఫీ తాగినంతసేపు చాలు. ప్రతి గడి చూడండి. పొడి ఉందా, తుప్పు చుక్క ఉందా, చీటీ ఊడిందా? చెడినది ఒక్కటి కనిపిస్తే దాన్ని వేరు చేయండి. ఆ గడిలోవన్నీ ఫ్రిజ్‌లో పెట్టండి.

మా ఇంట్లో ఈ పని ఇప్పుడు మా అమ్మాయిది. బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది గాని చదవడం రాదు. నేను చీటీల మీద రెండు భాషల్లోనూ రాశాను, పైన తెలుగు, కింద తమిళం. మొదట కింది వరుస చూసి గడి వెతికేది. ఒకనాడు ఒక చీటీ కింది సగం చిరిగిపోయింది. అది పై సగం చూసి, కొంచెం ఆగి, "కొ-ర-మీ-ను" అని కూడబలుక్కుని చదివింది. నేనేమీ మాట్లాడలేదు. ఆ చీటీని అలాగే ఉంచాను.

మీ ఇంట్లో నాన్నగారో, తాతగారో కట్టిన గాలాలు ఏ అటకమీదైనా ఉంటే, రాబోయే వానలకు ముందే ఒకసారి దింపి చూడండి.